అచ్చులోంచి ఆకాశం: క్యోటో, ఒసాకాల్లో కొన్ని రోజులు

ఆదివారం, క్యోటో

కాన్సాయ్ విమానాశ్రయం నుంచి హరూకా రైలు గంటా పావులో క్యోటోలో దింపింది. స్టేషన్‌కి మా అక్క కూతురు వచ్చింది. ఒసాకాలో ఇంజినీరు, జపనీస్ గడగడా మాట్లాడుతుంది, నా కోసం సెలవు పెట్టింది. నవంబరు నెల. ఎర్రబడ్డ మేపుల్ ఆకులు చూడ్డానికి జపానంతా ఈ ఊళ్లోనే దిగినట్టుంది. హోటల్ రేట్ల సంగతి తలుచుకోకపోవడమే మంచిది.

"ముందు ఎక్కడికి పిన్నీ? బంగారు గుడికా, ఎర్ర తోరణాల ఫుషిమి ఇనారికా?" అంది.

రెండూ కాదన్నాను. నేను వచ్చింది ఒక మనిషి చేసిన పని కోసం. ఆయన పేరు ఫుకామి సుయెహరు. 1947లో ఈ ఊళ్లోనే, పింగాణీ చేసే కుటుంబంలో పుట్టారు. పింగాణీ మీద కాలి గాజులా మెరిసే పూతను గ్లేజు అంటారు, అందులో పచ్చ, నీలి ఛాయల రకం సెలడాన్. ఆ సెలడాన్ గ్లేజుల్లో అతి లేతదైన నీలి తెలుపుని పట్టుకుని జీవితమంతా దానితోనే గడిపారు. గిన్నెలూ కూజాలూ చేయకపోలేదు గానీ, ప్రపంచానికి ఆయన తెలిసింది మాత్రం కత్తి వాదరలా సాగే పింగాణీ శిల్పాల వల్ల. ఆయన ఇంటి తలుపు తట్టి ఇబ్బంది పెట్టే ఉద్దేశం నాకు లేదు. ఆయన పెరిగిన వీధులు చూడాలి, ఆ రంగు వెనకున్న కథ తెలుసుకోవాలి, కుదిరితే ఒక్క శిల్పమైనా ఎదురుగా నిలబడి చూడాలి.

రాత్రి భోజనాల దగ్గర ఫోన్‌లో ఫొటోలు చూపించాను. అటు తిప్పి ఇటు తిప్పి, పెద్దది చేసి చూసింది.

"ఇది మెషిన్ మీద కోసినట్టుంది. చేత్తో చేశారంటే నేను నమ్మను."

"చేత్తో కాదే. అచ్చులో పోసి చేస్తారు."

"అచ్చులో పోసేదానికి ఇంత దూరం వచ్చావా?"

ఆ ప్రశ్న మా మధ్య నాలుగు రోజులు నలిగింది. ఇంజినీర్లతో యాత్ర చేస్తే ఇదే గొడవ. ఏదీ ఊరికే ఒప్పుకోరు.

సోమవారం, సెన్న్యూజి

జపాన్‌లో సోమవారం చాలా మ్యూజియాలకు సెలవు, అందుకే వీధులు తిరిగే పని ఇవాళ పెట్టుకున్నాం. తోఫుకుజి స్టేషన్లో రైలు దిగిన జనమంతా ఆకుల కోసం తోఫుకుజి గుడి వైపు మళ్లారు. మేము సెన్న్యూజి దారి పట్టాం. అయిదు నిమిషాల్లో చుట్టూ నిశ్శబ్దం.

క్యోటో కుండల పనికి అసలు చోటు ఇక్కడికి ఉత్తరాన ఉన్న గోజోజక వీధి. అక్కడ ఇరుకైపోవడంతో గత శతాబ్దం మొదట్లో కొందరు పనివాళ్లు ఈ సెన్న్యూజి పక్కకు వచ్చి స్థిరపడ్డారు. ఇప్పటికీ సందుల్లో పింగాణీ పనిశాలల బోర్డులు కనబడతాయి. బయట చెక్క పలకల మీద ఎండబెట్టిన కప్పులు, గోడకు చేరేసిన ప్లాస్టర్ అచ్చులు. ఫుకామి పెరిగింది ఇలాంటి వాతావరణంలోనే. 1965లో క్యోటో చేతివృత్తుల శిక్షణ కేంద్రంలో చదువు ముగించారు. 1967లో, ఇరవై ఏళ్ల వయసులో, జాతీయ స్థాయి ప్రదర్శన నిట్టెన్‌లో ఆయన పనికి చోటు దొరికింది. కాలేజీ కళాకారుడి దారి కాదిది. పనిలో పుట్టి పనిలో పెరిగినవాడి దారి.

గుడి మాటా ఒకటి చెప్పాలి. జపాన్ గుళ్లకు సాధారణంగా మెట్లెక్కి పోతాం. సెన్న్యూజిలో ద్వారం పైన ఉంటుంది, బుద్ధుడి మందిరానికి కిందికి దిగాలి. దీన్ని నిలబెట్టిన షున్‌జో అనే సన్యాసి 1199లో చైనా వెళ్లి పన్నెండేళ్లు ఉండి వచ్చాడు. అప్పుడక్కడ సాంగ్ రాజుల కాలం. జింగ్‌డెజెన్ బట్టీల్లో నీలి ఛాయ తిరిగిన తెల్ల పింగాణీ కాలుతున్న రోజులవి. ఫుకామి గ్లేజుకు మూలం ఆ పింగాణీయే. గుడికీ ఆయన పనికీ నేరుగా సంబంధం ఉందని అనను. ఒకే పేటలో ఒకే కాలపు చైనా రెండు రకాలుగా చేరిందని మాత్రం నాకు తోచింది.

వస్తుంటే ఒక పనిశాల తలుపు తీసి ఉంది. లోపల డెబ్బై దాటిన పెద్దాయన అచ్చులో మట్టి ద్రవం పోస్తున్నాడు. మా పిల్ల వంగి నమస్కరించి, "సెన్సే, మా పిన్ని ఇండియా నుంచి ఇదే చూడ్డానికొచ్చింది" అని మొదలెట్టింది. ఆయన రమ్మన్నాడు, కానీ బూట్లు విప్పనక్కర్లేదన్నాడు. నేల నిండా తెల్ల మట్టే.

పని చూడ్డానికి సులువుగానే ఉంది. పింగాణీ మట్టిని చిక్కటి మజ్జిగలా కలుపుతారు. నీళ్లు ఎక్కువ పోయకుండానే జారేలా ఉండడానికి చిటికెడు సోడియం సిలికేట్ కలుపుతారు. రెండు ముక్కల ప్లాస్టర్ అచ్చును రబ్బరు పట్టీలతో బిగించి అందులో పోస్తారు. ప్లాస్టర్ నీళ్లు పీల్చుకుంటుంది. అంచు వెంట మట్టి పొర కడుతుంది, పై మట్టం మెల్లగా దిగుతుంది. పొర చాలినంత మందం అయ్యాక మిగిలిన ద్రవాన్ని వంపేస్తారు. మన ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలు పోసే వాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. అక్కడ ప్లాస్టర్ దేవుడవుతుంది, ఇక్కడ అచ్చవుతుంది, అంతే తేడా.

"మీటరు పొడవుండే ముక్క, అంచు సన్నగా, ఎక్కడా వంకర లేకుండా. ఇలా పోస్తే వస్తుందా?" అని అడిగించాను.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఊరికే పోస్తే సన్నటి మూలల్లోకి మట్టి పూర్తిగా దిగదు. గాలి బుడగలు చిక్కుకుంటాయి. ఒకచోట మందం, ఒకచోట పలచన. ఎండేటప్పుడు ఒక పక్క ముందు బిగుసుకుంటే ముక్క మెలి తిరుగుతుంది. బట్టీలో పింగాణీ మెత్తబడుతుంది కదా, దాచిన తప్పులన్నీ అక్కడ బయటపడతాయి.

ఫుకామి ఈ చిక్కునే పట్టుకున్నారు. మట్టి ద్రవాన్ని గాలి ఒత్తిడితో అచ్చులోకి నెట్టే పద్ధతి తెచ్చుకున్నారు. ఫ్యాక్టరీల దారికి దగ్గరైన పద్ధతి అది. ఒత్తిడికి అచ్చు విచ్చుకోకుండా గట్టిగా బిగించాలి. మట్టి మూలమూలకీ చేరి ఒకే సాంద్రతతో బిగుసుకుంటుంది. ఆ మాట చెబితే పెద్దాయన నవ్వి, పేరు వినగానే గుర్తుపట్టినట్టు తల ఊపి, ఏదో అన్నాడు. "పోయడం మొదటి రోజు పని. మిగతా రోజుల సంగతి అడగండి అంటున్నాడు" అని మా పిల్ల తెలుగు చేసింది.

మంగళవారం, గోజోజక

పొద్దున్నే వాన. గొడుగులేసుకుని కవాయి కన్‌జిరో ఇంటికి వెళ్లాం. 1890లో పుట్టి 1966లో పోయిన ఈయన జపాన్ జానపద కళల ఉద్యమంలో పెద్ద తల. ప్రభుత్వం జీవించి ఉన్న జాతీయ నిధి అనే గౌరవం ఇస్తానంటే వద్దన్న మనిషి. ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఇంటి వెనక ఎనిమిది గదుల బట్టీ మెట్లుమెట్లుగా పైకి పాకుతూ ఉంది. 1920లో కియోమిజు రోకుబే వంశపు అయిదో తరం ఆయన దగ్గర కొన్నది.

ఆ బట్టీ ముందు నిలబడితే సెలడాన్ ఎందుకు అంత కష్టమో బోధపడుతుంది. గ్లేజులో ఉండేది కొద్దిపాటి ఇనుము. మామూలు సెలడాన్‌లో ఒకటి నుంచి మూడు శాతం, ఫుకామి వాడే నీలి తెలుపు రకంలో ఇంకా తక్కువ. దాదాపు 1250, 1300 డిగ్రీల వేడిలో బట్టీకి గాలి తగ్గిస్తే, మంట తనకు కావలసిన ఆక్సిజన్‌ని గ్లేజులోని ఇనుము నుంచి లాక్కుంటుంది. అప్పుడు ఇనుము నీలిపచ్చగా మారుతుంది. గాలి కాస్త ఎక్కువైతే అదే గ్లేజు పసుపు, ఆలివ్ రంగుల్లోకి పోతుంది. పైగా గ్లేజు మందంగా పూయాలి, లోపల చిక్కుకున్న సన్నటి బుడగలు వెలుగుని చెదరగొట్టాలి, అప్పుడే ఆ లోతు. కట్టెల బట్టీలో ఇదంతా పొగ చూసి, మంట రంగు చూసి పట్టాలి. ఒక గదిలో కుదిరింది పక్క గదిలో కుదరదు.

ఊరు పెరిగాక పొగ మీద ఆంక్షలు వచ్చాయి. క్యోటో నడిబొడ్డున కట్టెల బట్టీలు 1970ల నాటికి చల్లారిపోయాయి. పనివాళ్లు గ్యాసుకీ కరెంటుకీ మారారు, కొందరు ఊరు వదిలారు. నిప్పు పోయిందని బాధపడ్డవాళ్లు ఉన్నారు, న్యాయమే. కానీ సెలడాన్ చేసేవాళ్లకు గ్యాసు బట్టీ వరమని నా అభిప్రాయం. బూడిద పడే సుగుణం గ్లేజు పూయకుండా కట్టెల మంటలో కాల్చే బిజెన్ కుండకు అందం, ఈ గ్లేజుకు మచ్చ.

గోజోజక అంతా పేర్ల వీధి, ఇంటి పెద్ద పేరునే తర్వాతి తరం అందుకుంటుంది. రోకుబే పేరు ఎనిమిదో తరంలో ఉంది. సువా సోజన్ పేరు నాలుగో తరంలో, ఇప్పుడు ఒక స్త్రీ చేతిలో ఉంది. మొదటి సోజన్ కనజావా నుంచి 1900లో వచ్చి సెలడాన్‌తోనే పేరు తెచ్చుకుని, 1917లో రాజాస్థాన కళాకారుడయ్యాడు. అంతకు వందేళ్ల ముందు అఓకి మొకుబే అనే కుమ్మరి కూడా ఇదే ఊళ్లో చైనా సెలడాన్‌ని తిరిగి సాధించే ప్రయత్నం చేశాడు. అంటే ఈ ఊళ్లో సెలడాన్ పని అంటే పాత చైనా పాత్రకు ఎంత దగ్గరగా వచ్చావన్నదే లెక్క.

ఇంకో పక్కన తిరుగుబాటు. 1948లో యాగి కజువో, అతని స్నేహితులు సోదేషా అనే గుంపు కట్టారు. మట్టితో చేసేది పాత్రే ఎందుకవ్వాలి అన్నారు. 1954లో యాగి సారె మీద లాగిన గొట్టాలను ఒక వలయానికి అంటించి, నీళ్లు పట్టని శిల్పం చేశాడు. ఫుకామికి అప్పుడు ఏడేళ్లు. ఆయన ఆ గుంపులో చేరలేదు, వేరే ప్రదర్శనల దారిలో వచ్చారు. కానీ పాత్ర కాని మట్టి పనికి ఈ ఊళ్లో తలుపు అప్పటికే తెరిచి ఉంది. ఆ తలుపులోంచి ఎక్కువమంది గరుకు మట్టితో, మసి రంగులతో నడిచారు. ఈయన రాజుల బల్లల మీదుండే అతి నాజూకు గ్లేజుతో నడిచారు. ఆ ఎంపిక నాకు భలే నచ్చింది.

మధ్యాహ్నం చెప్పుకోదగ్గదేమీ లేదు. వాన, టీ, మా పిల్ల ఆఫీసు ఫోన్లు, ఆమె టెన్షన్.

బుధవారం, షిన్‌మొన్‌జెన్

గియోన్ పక్కన షిన్‌మొన్‌జెన్ పాత కళాఖండాల దుకాణాల వీధి. ఒక గ్యాలరీలో ఫుకామి పని ఉందని మా పిల్ల ముందే ఫోన్ చేసి కనుక్కుంది. లోపల మరొకరు లేరు. నడివయసు యజమానురాలు గ్రీన్ టీ ఇచ్చి, చూడండని పక్కకు తప్పుకుంది. కొనే మొహాలు కావని గ్రహించినా మర్యాద తగ్గించలేదు.

నల్లటి పీట మీద అడ్డంగా సాగిన ఒక వంపు. పొడవు నా బార కంటే కొంచెం తక్కువ. ఒక చివర నుంచి లేచి, మధ్యలో సన్నబడి, రెండో చివర గాల్లోనే ఆగిపోయింది. తల కొంచెం కదిపితే చాలు, వంపు మారిపోతుంది. ఎదురుగా చూస్తే రెక్క, పక్కనుంచి చూస్తే ఒక్క గీత. ఫొటోలో ఇది రాదు. ఫొటో ఒక్క కోణమే చూపిస్తుంది, ఈ పని ఉన్నదంతా కోణాల మధ్యనే.

రంగు మొదట తెలుపనిపించింది. కళ్లు కుదురుకున్నాక వంపు లోపలి భాగంలో, గ్లేజు చేరి మందమైన చోట, నీలం కనబడింది. అంచు దగ్గర గ్లేజు జారి పలచబడి కింది పింగాణీ తెల్లగా బయటపడింది. ఎవరూ గీయని తెల్ల గీత శిల్పం చుట్టూ తిరుగుతోంది. బొమ్మ లేదు, పువ్వు లేదు, పగుళ్ల వల కూడా లేదు. సెలడాన్‌కి అలంకారం ఆకారమే. ఆకారంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా గ్లేజు దాన్ని దాచదు, ఎత్తి చూపిస్తుంది. ఆయన వీటిలో కొన్నిటికి తెన్కూ, అంటే ఆకాశం, అని పేరు పెట్టారు. సాధారణంగా శిల్పాల పేర్లు నాకు అతిగా అనిపిస్తాయి. ఇక్కడ అనిపించలేదు.

"పోసిన తర్వాత ఏం చేస్తారో అడుగు" అన్నాను.

యజమానురాలు ఓపిగ్గా చెప్పింది. అచ్చు విప్పాక ముక్కను చాలా నెమ్మదిగా ఎండనివ్వాలి, తొందరపడితే పగులు. ఎండాక గట్టి లోహపు పరికరాలతో చెక్కుతూ అంచును సన్నం చేస్తారు. అచ్చు ఇచ్చే అంచు ఇంత పదునుగా ఉండదట. ఒకసారి తక్కువ వేడిలో కాల్చాక మళ్లీ గీకి, రుద్ది నున్న చేస్తారు. గ్లేజును కుంచెతో కాదు, పిచికారీతో పొరలు పొరలుగా వేస్తారు. కుంచె గీత పడితే కాలిన తర్వాత కనిపిస్తుంది మరి. ఆ తర్వాత పెద్ద నిప్పు. పింగాణీ కాలేటప్పుడు కుంచించుకుపోతుంది, పొడవాటి ముక్క తన బరువుకి తానే వంగుతుంది. బట్టీలోంచి మెలి తిరిగి వచ్చినదాన్ని సరిచేసే దారి లేదు, పక్కన పడేయడమే.

మా పిల్ల మొహం అప్పుడు చూడాలి. వంగి అంచు దగ్గర కన్ను పెట్టి ఒక చివర నుంచి రెండో చివరకు చూసింది, వడ్రంగి కర్ర వంకర చూసినట్టు. "టాలరెన్స్ ఎంతో!" అని తనలో తానే గొణుక్కుంది, అంటే కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారో అని. ఆమె నోట అంతకు మించిన పొగడ్త ఉండదు.

కానీ ఒప్పుకోలేదు. బయటికి వచ్చాక వంతెన మీద మళ్లీ మొదలు. చేతి గుర్తు కనబడకుండా చేయడానికి అంత చేతి పని ఎందుకు, మెషిన్‌కి ఇచ్చేయొచ్చుగా అంటుంది. నేను చెప్పింది ఇది. సారె మీద కుండ చేస్తే వేలి గుర్తు ఊరికే మిగులుతుంది, దాన్ని చూసి మనం మురిసిపోతాం. ఇక్కడ వేలి గుర్తు లేదు గానీ, ఎక్కడ గీకడం ఆపాలో తెలిసిన చెయ్యి ఉంది. ఇంకో రెండు గీతలు గీకితే అంచు విరుగుతుంది. రెండు తక్కువైతే అది కత్తి కాదు, పళ్లెం అంచు. అచ్చు ఆకారానికి దగ్గరి వరకు తీసుకొస్తుంది, ఆ చివరి దూరం నడిచేది చెయ్యే.

"దగ్గరి వరకు అంటే ఎంత?" అంది. అదీ ఇంజినీరు.

1985లో ఇటలీలోని ఫయెంజా నగరం ఏర్పాటు చేసే అంతర్జాతీయ సిరామిక్ పోటీలో ఫుకామికి గ్రాండ్ ప్రైజ్ వచ్చింది. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. ఫయెంజా అంటే యూరప్‌లో రంగురంగుల బొమ్మలు వేసిన మట్టి పాత్రలకు పుట్టిల్లు. అలాంటి చోట ఒక్క గీత కూడా వేయని పని గెలిచింది. ఆ తర్వాతే ఆయన పని దేశాలు దాటింది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ లాంటి మ్యూజియాలు సేకరించాయి. ఇంటి పేరును తరాలుగా మోసే ఊరి నుంచి, ఏ పాత పేరూ అందుకోకుండా, సొంత పేరుతోనే ఇంత దూరం వెళ్లడం చిన్న సంగతి కాదు.

ధర అడగలేదు. మా పిల్ల అడిగింది. నాకు చెప్పొద్దన్నాను.

గురువారం, ఒసాకా

కియోమిజు గోజోలో కేహాన్ రైలెక్కితే మధ్యలో మారకుండా కితహామా. అక్కణ్ణుంచి నది దాటితే నకనోషిమా దీవిలో ఓరియంటల్ సిరామిక్స్ మ్యూజియం. మరమ్మతుల కోసం చాలాకాలం మూసి 2024లో మళ్లీ తెరిచారు. దీని పుట్టుకే ఒక కథ. అతాకా అనే వ్యాపార సంస్థ కొన్న అద్భుతమైన చైనా, కొరియా పాత్రలున్నాయి. 1970ల్లో ఆ సంస్థ మునిగింది. పాత్రలు ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోతాయని అందరూ కంగారుపడుతుంటే సుమితోమో గ్రూపుకి చెందిన 21 కంపెనీలు కలిసి మొత్తాన్ని ఒసాకా నగరానికి ఇచ్చేశాయి. 1982లో మ్యూజియం తెరిచారు.

ఇక్కడ సెలడాన్ కోసం సహజమైన పగటి వెలుగు వచ్చేలా కట్టిన గది ఉంది. కరెంటు దీపం కింద ఈ రంగు అబద్ధం చెబుతుందని కట్టినవాళ్లకు తెలుసు. మబ్బు వచ్చి పోతుంటే కొరియా సెలడాన్ గిన్నె బూడిద పచ్చ నుంచి నీలి పచ్చకు, మళ్లీ వెనక్కి మారింది. ఆ గదిలో బెంచీ మీద కూర్చుని చాలాసేపు కదల్లేదు. మా పిల్ల కాఫీ తాగి వచ్చింది, అయినా కదల్లేదు.

జాతీయ సంపదగా ప్రకటించిన కూజా మ్యూజియంలోనే వేరే చోట ఉంది. చైనాలోని లాంగ్‌చువాన్‌లో యువాన్ రాజుల కాలంలో (13, 14 శతాబ్దాలు) చేసింది. ఎత్తు 27 సెంటీమీటర్లు, పచ్చటి ఒంటి మీద గోధుమరంగు ఇనుప చుక్కలు. పొట్ట దగ్గర గుండ్రంగా నిండి, మెడ దగ్గర సన్నబడి, పెదవి దగ్గర విచ్చుకుంటుంది. ఆ వంపు చూడగానే నిన్నటి శిల్పం గుర్తొచ్చింది. కూజాకి లోపలా బయటా ఉంటాయి, నీళ్లు పడతాయి, అందుకని దాని వంపుకి ఒక కారణం ఉంది. ఫుకామి ఆ కారణాన్ని తీసేసి వంపుని మాత్రం ఉంచుకున్నారు. ఇది చెబితే మా పిల్ల, "అంటే ఎయిర్ ఫాయిల్‌లోంచి, అదే రెక్క వంపులోంచి, విమానం తీసేసినట్టు" అంది. ఈసారి మాటకు మాట అప్పజెప్పలేకపోయాను. బాగానే చెప్పింది.

సాంగ్ కాలపు చైనాలో పేరున్న రూ బట్టీ పాత్ర ముందు జనం ఎక్కువ. పొడవాటి చిన్న తొట్టి, ఆకాశపు నీలం, అంతే. చూసి తప్పుకున్నాం.

ఒక ప్యానెల్‌లో లాంగ్‌చువాన్ సరుకు ఓడల్లో ఎక్కడెక్కడికి పోయిందో పటం ఉంది. మన తీరం పేరు వెతుక్కున్నాను. కనబడలేదు గానీ, నిజానికి ఉండాల్సిందే. నెల్లూరు ప్రాంతంలోని కొత్తపట్నంలో తవ్వితే చైనా పింగాణీ పెంకులు దొరికాయి. వాటిని వెతుక్కుంటూ దక్షిణ భారత తీరమంతా తిరిగిన పండితుల్లో జపాన్‌కి చెందిన నొబోరు కరషిమా ఒకరు. కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో విదేశీ వర్తకులకు అభయం ఇస్తూ శాసనం వేయించిన కాలం కూడా ఇదే, 13వ శతాబ్దం. ఓడలో ఈ గ్లేజు ముక్కలు దిగుతుంటే రేవులో సుంకం వసూలు చేసినవాళ్లు తెలుగులోనే బేరమాడి ఉంటారు.

"మన సాలార్‌జంగ్‌లో ఉంది కదా, విషం పెడితే రంగు మారే పళ్లెం. స్కూల్ వాళ్లు తీసుకెళ్తే చూశాను" అంది మా పిల్ల.

అదీ సెలడానే అన్నాను. విషం పెడితే పళ్లెం పగులుతుందనో రంగు మారుతుందనో నవాబులు నమ్మి కొన్నారు. గ్లేజు గాజులాంటిది, దానికి విషమూ పప్పుచారూ ఒకటే. కానీ ఆ నమ్మకం పుణ్యమా అని మన ఊరికి మంచి పళ్లాలు చేరాయి.

"అప్పుడు పళ్లెం చూశాను గానీ రంగు చూడలేదు పిన్నీ. సంక్రాంతికి వస్తాను, వెళ్దాం. పగటి వెలుగు పడే చోట పెట్టారో లేదో చూడాలి."

సరే అన్నాను. శుక్రవారం మాత్రం వద్దని చెప్పాను, సాలార్‌జంగ్‌కి ఆ రోజు సెలవు.